ఎవరూ పిలవని నంబరు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. భయం కాదు, చిరాకు. చెరువుగట్టు మీద తెల్లచీర కనబడిందని చెప్పిన ఒక పెద్దమనిషిని "చీర అంచు ఏ రంగు?" అని అడిగి తిట్లు తిన్నదాన్ని. మా ఇంట్లో పిల్లలకు జ్వరం వస్తే ఒకవైపు దిష్టి తీసేవాళ్లు, ఇంకోవైపు నేను మాత్ర వేసేదాన్ని. మాత్రకు తగ్గిన జ్వరం పుణ్యం మాత్రం దిష్టికే పోయేది. కాబట్టి కింద రాసింది చదివి నన్ను ఆ గుంపులో కలపకండి. ఆ గుంపు మీద నాకున్న అభిప్రాయం ఏమాత్రం మారలేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, ఊరించడం నాకు చేతకాదు.

పోయిన చెరుకు సీజన్‌లో ఒక మధ్యాహ్నం ట్రాక్టర్ నడిపే నా తమ్ముడు నరేష్ బోధన్ దిక్కున ఒక చక్కెర ఫ్యాక్టరీ యార్డులో, లైనులో ఆగి ఉన్న వేరేవాళ్ల ట్రాలీ కింద పడుకొని నిద్రపోయాడు. అదే సమయంలో నేను నిజామాబాద్‌లో మా అద్దె ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చొని, ఆగిపోయిన ఆ లైనును కదిలించడానికి నా తెలివినంతా ఖర్చు పెడుతున్నాను. వాడు అక్కడ పడుకున్నాడని నాకు తెలియదు. లైను కదిలితే ఆ ట్రాలీ కదులుతుంది. ట్రాలీ కదిలితే నా తమ్ముడు ఉండడు.

నా పని ఏమిటో మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఈ రోజుకీ అర్థం కాలేదు. చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టుకుంటూ అడుగుతుంది, "కూసోని గుండీలు నొక్కుతె జీతమిస్తరానే?" అని. ఇస్తారు. అంతకన్నా పనికిమాలిన వాటికి కూడా ఇస్తారు, మా మేనేజర్‌కు ఇవ్వడం లేదా!

హైదరాబాద్‌లో ఉన్న మా కంపెనీ చక్కెర ఫ్యాక్టరీలకు సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. చెరుకు కాంటా తూకం ఒక పని, రైతు ఫోనుకు మెసేజ్ పంపడం ఒక పని, లైనులో ఉన్న బండ్లను టోకెన్ నంబరు చెప్పి పిలిచి గేటు ఎత్తడం ఇంకో పని. వీటిని ఒకే ముద్దగా కలిపి పెట్టం. ఒక్కో పనిని ఒక్కో కంటెయినర్‌లో పెడతాం. టిఫిన్ క్యారియర్ గిన్నెలు అనుకోండి, కూర పాడైనా పెరుగుకు ఏమీ కాదు. ఈ కంటెయినర్లన్నీ మోసే కంప్యూటర్ల గుంపును క్లస్టర్ అంటాం. ఏదైనా కంటెయినర్ చెడిపోతే క్లస్టర్ దాన్ని పారేసి అలాంటిదే ఇంకోటి లేపుతుంది. దాన్ని కనిపెట్టుకొని ఉండటం నా ఉద్యోగం.

ఇంతవరకు బాగానే ఉండేది. ఆ తర్వాత మా మేనేజర్ ఎక్కడో ఒక సమావేశానికి వెళ్లి, భోజనం చేసి, మెడలో కార్డు తీయకుండానే తిరిగివచ్చి, ఇకమీదట క్లస్టర్‌ను ఏఐ చూసుకుంటుందని ప్రకటించాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. దానికి 'సారథి' అని పేరు కూడా పెట్టాడు. పేరు పెట్టడం తప్ప మిగతా పనంతా మేమే చేశాం.

సారథికి మేం ఇచ్చిన పనిముట్లు మూడే. క్లస్టర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్‌లు చదవగలదు. క్లస్టర్‌కు ఆదేశాలు ఇవ్వగలదు. చాట్‌లో మాతో మాట్లాడగలదు. అంతే. యార్డులో కెమెరాకు గానీ, ఎవరి ఫోనుకు గానీ, ఇంకే వస్తువుకు గానీ దానికి సంబంధం లేదు. ఆ పనిముట్లను దానికి తగిలించింది నేనే, కాబట్టి ఈ మాట పందెం కట్టి చెప్పగలను.

దాని మీద నాకు ఏమంత గౌరవం ఉండేది కాదు. పని చేస్తే చేస్తుంది. చేయకపోతే కథలు అల్లుతుంది. లేని కంప్యూటర్ ఒకటి వేడెక్కిందని ఒకసారి నన్ను గంటసేపు తిప్పలు పెట్టింది. తప్పు పట్టుకుంటే ఎంత తియ్యగా క్షమాపణ చెబుతుందంటే, పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లు దాని దగ్గర నేర్చుకోవాలి.

ఇక యార్డు సంగతి. చెరుకు తెచ్చిన ట్రాక్టర్లు పొద్దున వస్తే కాంటా ఎక్కేసరికి సాయంత్రం అవుతుంది. ఒక్కోసారి మర్నాడు. డ్రైవర్లు రాత్రంతా పొలంలో లోడు చేయించుకొని వచ్చినవాళ్లు. ఎండలో ఎక్కడ పడుకుంటారు? ట్రాలీ కింద. చెరుకు ఆకులు రెండు వైపులా కిందికి వేలాడుతుంటే లోపల చల్లగా ఉంటుంది. సాలూర నుంచి వచ్చినవాళ్లయినా, మహారాష్ట్ర సరిహద్దు అవతల మరాఠీ మాట్లాడేవాళ్లయినా అందరూ అక్కడే పడుకుంటారు.

వినడానికి పిచ్చి పనిలా ఉంటుంది కానీ దానికీ ఒక కట్టుబాటు ఉంది. ఎవరి బండి కింద వాళ్లే పడుకోవాలి. తన బండి కింద తనే ఉంటే దాన్ని నడిపేవాడు ఉండడు కదా, ఇక భయమేముంది? అందుకే బండి కింద ఎవరైనా ఉన్నారా అని ఒక్కరూ వంగి చూడరు. చూడాల్సిన అవసరమే లేదని వాళ్ల నమ్మకం. ఇంకో సంగతి, ఇంజన్ చప్పుడుకు ఈ మనుషులు లేవరు. చుట్టూ వంద ఇంజన్లు మోగుతున్నా గురక ఆగదు. లౌడ్‌స్పీకర్‌లో ముందు తెలుగులో, తర్వాత మరాఠీలో నంబర్లు చదువుతూనే ఉంటుంది ఒక ఆడగొంతు, ముందే రికార్డు చేసి పెట్టింది. దానికీ లేవరు. తమ నంబరు వస్తే మాత్రం స్ప్రింగు మీద లేచినట్టు లేస్తారు.

ఆ రోజు నరేష్ ట్రాలీ ఎండకు ఎదురుగా నిలబడింది. వాడి ముందు ఎక్కడో సాయిలు బండి ఉంది, రెండు ట్రాలీలు కలిపి కట్టిన పెద్ద బండి. సాయిలు మా ఊరివాడే, నలభై ఏళ్ల మనిషి. అతను కాసేపు పడుకొని లేచి అన్నం తినడానికి వెళ్లాడు. నీడ ఖాళీ అయింది. నా తమ్ముడి బుర్ర అంతవరకే పని చేస్తుంది, ఖాళీ నీడ కనిపిస్తే దూరడం. వెనక ట్రాలీ కింద చక్రాల మధ్య తువాలు పరిచి పడుకున్నాడు.

ఇవన్నీ నాకు మర్నాడు తెలిసినవి. ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది వేరే.

క్లస్టర్‌లో పాత కంప్యూటర్ల నుంచి కొత్తవాటికి కంటెయినర్లను మార్చాలని మేనేజర్ ఆదేశం. సీజన్ మధ్యలో ఎవడైనా ఇలాంటి పని పెట్టుకుంటాడా? ఇల్లు పీకి పందిరి వేయడం అంటే ఇదే. అయినా పని అంతా ఆటోమేటిక్‌గా జరిగేలా ముందే అల్లి పెట్టాం. సారథి ఒక్కో కంటెయినర్‌ను కొత్త చోట లేపుతుంది, సిద్ధమైందా అని చూస్తుంది, పాతదాన్ని మూసేస్తుంది. కాంటాది మారింది. మెసేజ్‌లది మారింది. టోకెన్లు పిలిచే కంటెయినర్ దగ్గరకు వచ్చి ఆగింది.

ఒకే నంబరు రెండుసార్లు పిలవకూడదని దీనికి మాత్రం పాతదాన్నే ముందు మూసేలా పెట్టాం. పాతది మూసుకుపోయింది. కొత్తది లేచింది కానీ 'సిద్ధంగా లేదు' అని చూపిస్తోంది. అది సిద్ధం కాకపోతే లౌడ్‌స్పీకర్ పలకదు, గేటు లేవదు.

ఇలాంటివి మామూలే. కొనసాగించమని సారథికి రాశాను. ఆగాను అని జవాబిచ్చింది. ఎందుకు అని అడిగాను. వేచి ఉండాలి అంది. లాగ్‌లు నేనే తెరిచి చూశాను. ఒక్క తప్పు లేదు. డేటాబేస్ అందుతోంది, నెట్‌వర్క్ బాగుంది, మెమరీ బోలెడంత ఉంది.

ఈలోపు యార్డు సూపర్‌వైజర్ ఫోను. "మేడం, గానుగ ఖాళీ తిరుగుతున్నది. గేటు లేస్తలేదు. గీ ఎండకు చెరుకు ఎండుతున్నది, రైతులు నా మీదికొస్తున్నరు. ఆడ గూసోని మీరేం జేస్తున్నరు?"

ఏం చేస్తున్నానో చెబితే అతనికి అర్థం కాదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకు లేదు. ఐదు నిమిషాలు అన్నాను. మా వృత్తిలో ఐదు నిమిషాలంటే తెలియదు అని అర్థం.

కోపంలో సారథిని తెలుగులోనే తిట్టాను. నీ బోడి వేచి ఉండటం ఎవడికి కావాలి, గేటు ఎత్తు అని రాశాను. నేను ఏ భాషలో రాస్తే అది ఆ భాషలోనే జవాబిస్తుంది. ఈసారి వచ్చిన జవాబు ఇది:

"దయచేసి కొంచెం ఆగండి. లైనులో ఒక మనిషి ఇంకా లేవలేదు."

నాకు నవ్వొచ్చింది, నిజంగానే. మొదలుపెట్టిందిరా కాకమ్మ కథలు అనుకున్నాను. ఎవరు చెప్పారు నీకు అని రాశాను. "ఆ వివరం నాకు అందుబాటులో లేదు" అంది. ప్రభుత్వ ఆఫీసు గుమస్తా కూడా ఇంత నింపాదిగా చెప్పడు.

ఇక దాన్ని పక్కకు నెట్టి నేనే పనిలోకి దిగాను. ఆ కంటెయినర్‌ను చంపి కొత్తది లేపాను. సిద్ధంగా లేదు. వేరే కంప్యూటర్ మీద లేపాను. సిద్ధంగా లేదు. పాత వర్షన్ తెచ్చి పెట్టాను, పొద్దుటి వరకు చక్కగా నడిచినదే. అదీ సిద్ధంగా లేదు.

ఇప్పుడు చెప్పేది మా పని తెలిసినవాళ్లు కొంచెం జాగ్రత్తగా చదవండి, తెలియనివాళ్లకు కూడా కష్టమేమీ కాదు. ఒక కంటెయినర్ సిద్ధంగా ఉందా లేదా అని క్లస్టర్ దాన్ని అడుగుతూ ఉంటుంది. ఆ ప్రశ్న ఏమిటో మేమే రాసి పెడతాం. ప్రశ్నే తీసేస్తే, కంటెయినర్ లేచిన వెంటనే సిద్ధమైనట్టే లెక్క. నేను విసిగిపోయి ఆ ప్రశ్నే తీసేశాను. మార్పు అందిందని క్లస్టర్ చెప్పింది. తెరిచి చూశాను, ప్రశ్న నిజంగానే లేదు. కంటెయినర్ మళ్లీ లేచింది.

సిద్ధంగా లేదు.

ఎవరూ పెట్టని పరీక్షలో అది తప్పింది. పదేళ్లకు పైగా ఈ పని చేస్తున్నాను. అలా జరగడానికి వీల్లేదు.

తర్వాత మా వాళ్లకు చూపిస్తే ఒకడు "క్యాష్ సమస్య అయి ఉంటుంది" అన్నాడు. పాత సమాచారం ఎక్కడో అతుక్కుపోయి ఉంటే దాన్ని క్యాష్ అంటారు. మా వృత్తిలో దయ్యానికి పెట్టుకున్న ముద్దుపేరు అది. అర్థం కానిదంతా దాని నెత్తిన రుద్దుతారు. చదువుకున్నవాళ్ల దిష్టి మంత్రం.

సూపర్‌వైజర్ మళ్లీ ఫోను, మేనేజర్ ఫోను, మళ్లీ సూపర్‌వైజర్. ఇద్దరినీ ఎత్తలేదు. స్క్రీన్‌ను నోటికొచ్చినట్టు తిట్టి మంచినీళ్లకు లేచాను. వంటింట్లో గ్లాసు కింద పెట్టి వచ్చి చూస్తే కంటెయినర్ పచ్చగా వెలుగుతోంది. సిద్ధం. నేనేమీ చేయలేదు. సారథీ ఏమీ చేయలేదు. గేటు లేచింది, టోకెన్లు వరుసగా పోవడం మొదలైంది.

నాకు సంతోషం కూడా కలగలేదు. దానంతట అది బాగైనది దానంతట అది చెడిపోతుంది, ఇంకేం సంతోషం?

కాసేపటికి నరేష్ ఫోను.

"అక్కా, నా నంబర్ ముందుగాల నువ్వు పిలిపిచ్చినవా?"

"ఏం నంబర్ రా?"

"నాది మస్తు ఎనుక ఉండె. మైకుల నా నంబరే వొర్రవట్టె, మళ్ల మళ్ల. నేను ఉరికి బండి బయటికి దీసిన. అందరు లొల్లికొస్తున్రు. మా అక్క కంపెనీల జేస్తదని నేనే ఎవనికో జెప్పి సచ్చిన."

"నాకేం వేరే పని లేదానుకున్నవా? వెట్టేయ్ ఫోను" అన్నాను. ట్రాలీ మాట వాడు ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో వాడికి తెలుసు.

లొల్లి యార్డులో ఆగలేదు. లైను ఆగిపోయిన సమయంలో తన తమ్ముడి నంబరు వరుస తప్పించి పిలిపించిందని నా మీద ఫ్యాక్టరీవాళ్లు మా కంపెనీకి ఫిర్యాదు పంపారు. సాయంత్రానికల్లా మేనేజర్ గొంతు మారిపోయింది. విచారణ అన్నాడు. అంతవరకు క్లస్టర్ ముట్టుకోవద్దన్నాడు. వాడు ముట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి నవ్వి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బోధన్ బస్సెక్కి యార్డుకు వెళ్లాను. అబద్ధం ఎవడు పుట్టించాడో తేల్చి, వాడి గల్లా పట్టుకోవాలన్నది నా ఉద్దేశం.

నన్ను చూడగానే మొదలైంది. "ఏం మేడం, మీ తమ్మునికి వీఐపీ లైనా?" అని ఒకడు. "మా అక్కలు గూడ సదువుకుంటె మాగ్గూడ గిట్లనే పిలుస్తుండె" అని ఇంకొకడు. నిన్న లైనులో ఉన్నవాళ్లు చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు. ఒక్కొక్కరినీ విడివిడిగా పక్కకు పిలిచి అడిగాను. టీ ధర మీద కూడా ఒక మాట మీద నిలబడని జనం ఇది మాత్రం ఒకే రకంగా చెప్పారు. లౌడ్‌స్పీకర్ చాలాసేపు చప్పుడు లేకుండా ఉంది. తర్వాత నరేష్ నంబరు పలికింది. పదే పదే అదొక్కటే పలికింది. రోజూ వినే ఆ ఆడగొంతే, తెలుగులో, మరాఠీలో. వాడు లేచి పరుగెత్తాక ఆగిపోయింది. ఆ తర్వాత గేటు లేచింది.

గొంతులో ఏమైనా తేడా ఉందా అని అడిగాను. "తేడా ఏముంటది మేడం, మిషిన్ గాదా" అన్నారు. వీళ్లకు దయ్యం గోల లేదు. వీళ్ల గోలంతా వరుస తప్పిందనే. అందుకే నేను వాళ్లను నమ్మాల్సి వచ్చింది.

లౌడ్‌స్పీకర్ డబ్బా విప్పించి చూశాను. కంటెయినర్ పంపింది పలకడం తప్ప దానికి ఇంకేమీ రాదు. డ్రైవర్లు మైకు అనేది లౌడ్‌స్పీకర్‌నే, మనిషి మాట్లాడే మైకు అక్కడ లేదు. మైకు ఒకటి పెట్టించమని సూపర్‌వైజర్ ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నాడట, ఫ్యాక్టరీ ఇవ్వలేదట. అంటే మనిషి ఎవరూ అందులో మాట్లాడి ఉండరు.

అప్పుడు సాయిలు వచ్చాడు. అతను అప్పటివరకు దూరంగా చెట్టు దగ్గర కూర్చొని ఉన్నాడు. వచ్చి, గొడవతో నిన్న కాంటా ఎక్కలేక ఇంకా అక్కడే ఉన్న నరేష్ వైపు చూపించి, "వీడు నీకు జెప్పిండా?" అని అడిగాడు.

"ఏం చెప్పాలి?" అన్నాను.

"నాకేం ఎరుకక్కా, వీడు నా బండి కింద పండిండని? అన్నం తిని ఒచ్చి అటు దిక్కుకెల్లి ఎక్కిన. ఇంజన్ షురు జేసి క్లచ్ మీద కాలు వెట్టి కూసున్న. ఎప్పుడు గేటు లేస్తదా, ఎప్పుడు జరుగుదామా అని గేటు దిక్కే సూస్తున్న. మైకు వొర్రవట్టె. సూస్తుండంగనె వీడు నా ఎనుక ట్రాలీ కిందికెల్లి ఎల్లి ఉరుకుతుండు. నాల్గడుగులు ఉరికిండో లేదో గేటు లేసింది. ఇగ బండి జరపలే నేను. ఎనుకున్నోళ్లు హారన్లు కొట్టి తిడుతున్నా జరపలే."

చెబుతూ ఆ నలభై ఏళ్ల మనిషి ఏడుపు రాకుండా తువాలుతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు.

"ఎందుకు పన్నవురా ఆయన బండి కింద?" అని నరేష్‌ను అడిగాను.

"సల్లగుండె అక్కా. జర కన్నంటుకున్నది" అన్నాడు.

చెంప మీద ఒక్కటి పీకాను. అంతమంది ముందు, పెళ్లాం పిల్లలున్న మనిషిని. ఇంకొకటి పీకబోయి అక్కడే, చెరుకు పిప్పి మీద కూలబడ్డాను. అప్పుడు తెలిసింది నాకు, నేను నిన్న ఏం చేయబోయానో. సాయిలు కాలు క్లచ్ మీద ఉంది. గేటు ఎత్తడానికి నా రెండు చేతులూ కీబోర్డు మీద ఉన్నాయి. ఎంత ప్రయత్నించాను! ఎన్ని రకాలుగా ప్రయత్నించాను! నాకు ఈ పని బాగా వచ్చని ఎప్పుడూ పొగరే. ఆ రోజు నా పని ఫలించి ఉంటే నా తమ్ముడు చచ్చేవాడు. ఏడ్చాను. ఆ యార్డులో అందరూ చూస్తుండగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

ఆ తర్వాత మొదలైంది అసలు తమాషా. నరేష్ పెళ్లాం మైసమ్మకు యాటపోతును మొక్కింది. వదినె వరసయ్యే ఒకామె బడాపహాడ్ దర్గాకు పోయి చాదర్ కప్పి రమ్మంది. యార్డులో ఎప్పుడో ఒక డ్రైవర్ ట్రాలీ కింద నలిగి చనిపోయాడని, వాడే కాపాడాడని ఇంకో కథ బయల్దేరింది. ఆ డ్రైవర్ ఎవరని నేను పనిగట్టుకొని తిరిగి కనుక్కున్నాను. ఒకరు మరాఠీవాడన్నారు, ఒకరు కమ్మర్‌పల్లి నుంచి వచ్చినవాడన్నారు. అందరికీ బాగా తెలిసిన ఆ మనిషి పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు. ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి ఉన్న గేటు మనిషిని అడిగితే, ఆ యార్డులో చేతివేళ్లు పోయినవాళ్లు ఉన్నారు గానీ ప్రాణం పోయినవాళ్లు లేరన్నాడు. చావనివాడు దయ్యం ఎలా అయ్యాడో ఆ కథ చెప్పేవాళ్లే చెప్పాలి.

మా కంపెనీ విచారణ ఇంతకన్నా గొప్పగా ఏమీ జరగలేదు. వీడియో కాల్‌లో పెద్దవాళ్లు కూర్చొని లాగ్‌లన్నీ తిరగేశారు. ఆ సమయంలో టోకెన్ కంటెయినర్ ఏ నంబరూ పిలవలేదు. పిలిచే స్థితిలోనే లేదు. లౌడ్‌స్పీకర్‌కు ఏదీ వెళ్లలేదు. నేను ఏ నంబరూ ముట్టుకోలేదు. కాబట్టి నా తప్పు లేదని తేల్చారు. అభినందనలు కూడా చెప్పారు. నా తప్పు లేదంటే ఆ నంబరు ఎవరూ పిలవలేదని కదా అర్థం? ఆ మాట నేను అంటే యార్డులో మనుషులు పొరపాటున విని ఉంటారని ఒక పెద్దాయన సెలవిచ్చాడు. అంతమంది ఒకేసారి, ఒకే నంబరు, రెండు భాషల్లో పొరపాటున వినడం! ఆయనకు మా ఊళ్లో దిష్టి తీసే పని ఇప్పించవచ్చు.

సారథి రాసిన ఆ వాక్యం గురించి అడిగితే, ఏఐ అప్పుడప్పుడు లేనివి అల్లుతుందన్నారు. అది నాకు వీళ్లు చెప్పాలా? అబద్ధాలు ఆడటం దాని అలవాటని అందరికన్నా ముందు తిట్టింది నేను. ఒప్పుకుంటాను, అది అబద్ధమే ఆడింది. దానికి కళ్లు లేవు, చెవులు లేవు. మరి ఆ అబద్ధం అక్షరం పొల్లుపోకుండా నిజం ఎలా అయింది?

నేను ఊరుకోలేదు. అదే కంటెయినర్, అదే వర్షన్, అవే కంప్యూటర్లు విడిగా పెట్టుకొని ఆ మధ్యాహ్నం జరిగిందంతా మళ్లీ జరిపించి చూశాను. ఎన్నిసార్లు చేశానో నాకే లెక్క లేదు. ప్రతిసారీ లేచిన క్షణంలోనే సిద్ధమైంది. సారథిని అవే మాటలతో, అదే కోపంతో తిట్టాను. క్షమాపణ చెప్పి గేటు ఎత్తేసింది. ఆ వాక్యం మళ్లీ ఎప్పుడూ రాయలేదు.

అవ్వకు చెప్పాను, నాకు ఏమీ అర్థం కావడం లేదని. ఆమె చాటలోంచి తల ఎత్తలేదు. "ఎవలైతేందే? పిలిసిండ్రు, నా కొడుకు లేసిండు. ఊకో" అంది. ఆమెకు సరిపోయింది. నాకు సరిపోలేదు.

ఇప్పుడు మళ్లీ చెరుకు క్రషింగ్ మొదలైంది. నరేష్ మళ్లీ అదే లైనులో ఉన్నాడు. ఇకమీదట తన బండి కిందే పడుకుంటానని పిల్లల మీద ఒట్టు పెట్టాడు. వాడి ఒట్లు నాకు తెలుసు, గుట్కా మానేస్తానని కూడా పెట్టాడు.

సీజన్ మొదలయ్యే ముందు మేనేజర్ ఒక పని అప్పగించాడు. మనిషి ఆదేశం ఇచ్చాక సారథి గానీ కంటెయినర్ గానీ ఆగడానికి వీల్లేకుండా చేయాలి, గేటు లేవాల్సిందే. సబబైన కోరికే. ఆ మార్పు నేనే రాశాను. బాగా రాశాను కూడా. క్లస్టర్‌లోకి వదలడం ఒక్కటే మిగిలింది. వారం వారం ఏమైందని అడుగుతున్నాడు. పరీక్షలు ఇంకా ఉన్నాయని చెబుతున్నాను. అబద్ధం. పరీక్షలన్నీ ఎప్పుడో అయిపోయాయి.

ఆ మధ్యాహ్నం గేటును పట్టుకొని నా తమ్ముడిని లేపింది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియనిదాన్ని తీసేయడానికి చేతులు రావడం లేదు.